నీలి గుమ్మటం నీడలో... తుపాకుల ఊరు

అమెరికా వెళ్లిన మూడోరోజు. మా అల్లుడు కారు నడుపుతున్నాడు. పక్కన కనెక్టికట్ నది. ఇంకోపక్క పాత ఇటుక భవనాలు. వాటి మధ్య నుంచి ఉన్నట్టుండి ఓ నీలిరంగు గుమ్మటం కనిపించింది. అచ్చం ఉల్లిపాయలా ఉంది. నీలం మీద బంగారు నక్షత్రాలు. కొసన బంగారు బంతి, దాని మీద ముందుకాళ్లు ఎత్తి నిలబడ్డ గుర్రప్పిల్ల.

‘‘మసీదా బాబూ?’’ అనడిగా.

‘‘కాదు మావయ్యగారూ. తుపాకుల ఫ్యాక్టరీ’’ అన్నాడు.

హార్ట్‌ఫోర్డ్ అంటే అప్పటివరకూ నాకు తెలిసింది ఒకటే. ఇన్సూరెన్సు కంపెనీల ఊరు. మా అల్లుడు చేసేదీ అలాంటి కంపెనీలోనే. ఆ కంపెనీల కంప్యూటర్ల వెనక మనవాళ్లు చాలామంది ఉన్నారు. ఆదివారం గుళ్లో సగం మాటలు తెలుగులోనే వినిపిస్తాయి. మనిషి ప్రాణానికి వెలకట్టి బీమా చేసే ఊరు, ప్రాణం తీసే వస్తువుకూ పుట్టిల్లే అని అప్పటిదాకా నాకు తెలియదు.

నేను బాలానగర్‌లో టర్నర్‌గా చేరి ఫోర్‌మన్‌గా రిటైరైనవాణ్ణి. ముప్ఫై ఆరేళ్లు లేత్ మిషన్ల మధ్యే గడిచాయి. ఎక్కడికెళ్లినా గుడి కన్నా ముందు ఫ్యాక్టరీ చూడబుద్ధవుతుంది. కానీ ఈ ఊళ్లో తుపాకుల చరిత్ర చూడాలనుకోవడానికి ఇంకో కారణం ఉంది. దాన్ని మా అమ్మాయి చెప్పింది, వంటింట్లో, గొంతు తగ్గించి.

‘‘నాన్నా, ఈయన రివాల్వర్ కొంటానంటున్నారు. నువ్వే ఏదో ఒకటి చెప్పు.’’

ఇంట్లో ఆరేళ్ల మనవడున్నాడు.

సంగతేమిటంటే, మా అల్లుడి స్నేహితుడొకాయన పెట్రోలు బంకు, దానికి ఆనుకుని ఓ కొట్టు నడుపుతున్నాడు. ఓ రాత్రి ఎవరో ముసుగేసుకుని వచ్చి గల్లాపెట్టె ఖాళీ చేసి పోయారు. ప్రాణం దక్కింది. మర్నెల్లోనే ఆయన ఓ చిన్న రివాల్వర్ కొన్నాడు. వారాంతాల్లో కలిసినప్పుడల్లా ఇదే మాట. మావాడికీ గ్రీన్‌కార్డు వచ్చింది కాబట్టి కొనుక్కునే వీలుంది. ఉద్యోగ వీసా మీదున్నవాళ్లకు మామూలుగా ఆ వీలుండదట.

‘‘ముందు అదేమిటో చూద్దాం పద బాబూ’’ అన్నా. ఆ మాట ఎందుకన్నానో నాకే తెలియదు. వద్దని మొహమ్మీద చెప్పలేక కావచ్చు. యంత్రమంటే నాకుండే యావ కూడా కావచ్చు.

కలకత్తా ఓడలో పుట్టిన ఆలోచన

నీలి గుమ్మటం యజమాని శామ్యూల్ కోల్ట్. 1814లో ఈ హార్ట్‌ఫోర్డ్‌లోనే పుట్టాడు. పదహారేళ్ల వయసులో ‘కోర్వో’ అనే ఓడలో పనికి కుదిరి 1830లో బోస్టన్ నుంచి బయల్దేరాడు. ఓడ ఎక్కడికో తెలుసా? మన కలకత్తాకి! ఆ ప్రయాణంలోనే, గిర్రున తిరిగి ఒక్కో చోట టక్కున ఆగే ఓడ సామగ్రిని చూసి, తుపాకీలో తూటాల గదులు కూడా అలా తిరిగితే ఎలా ఉంటుందని చెక్కతో నమూనా చెక్కాడంటారు. ఆ చెక్క నమూనా హార్ట్‌ఫోర్డ్‌లోని వాడ్స్‌వర్త్ ఎథీనియం అనే మ్యూజియం సేకరణలో ఉంది. ప్రపంచాన్ని మార్చిన ఓ ఆయుధం ఆలోచన కలకత్తా దారిలో, నీళ్ల మీద మొలకెత్తిందన్నమాట.

చేతిలో డబ్బు లేదు. అందుకని ఊరూరా తిరిగి ‘డాక్టర్’ పేరుతో జనానికి నవ్వుల గ్యాసు పీల్పించి టిక్కెట్టు డబ్బులు పోగేశాడు. మన సంతల్లో గారడీవాళ్లకి ఏమాత్రం తీసిపోడు. 1836లో పేటెంటు వచ్చింది. న్యూజెర్సీ రాష్ట్రం ప్యాటర్‌సన్‌లో పెట్టిన మొదటి ఫ్యాక్టరీ 1842లో మూతపడింది. మెక్సికోతో యుద్ధం వచ్చి 1847లో వెయ్యి రివాల్వర్ల ఆర్డరు దొరకడంతో మళ్లీ నిలదొక్కుకున్నాడు. నది పొంగకుండా గట్టు కట్టించి, దాని పక్కన 1855లో పెద్ద ఫ్యాక్టరీ, కార్మికులకు ఇళ్లు కట్టించాడు. ఆ పేటకి కోల్ట్స్‌విల్ అని పేరు. నలభై ఏడేళ్లకే, 1862లో పోయాడు.

తర్వాత కథ ఆయన భార్య ఎలిజబెత్‌ది. 1864లో ఫ్యాక్టరీ తగలబడిపోతే మళ్లీ అదే గుమ్మటంతో కట్టించింది. 1901 దాకా కంపెనీ ఆ కుటుంబం చేతిలోనే ఉంది. ఇప్పుడా భవనాల్లో అపార్ట్‌మెంట్లూ ఆఫీసులూ ఉన్నాయి. మేం వెళ్లేసరికి ఓ కిటికీలో పూలకుండీలు, పక్క కిటికీలో ఆరేసిన తువ్వాలు. 2014 డిసెంబరులో ఈ ప్రాంతాన్ని జాతీయ చారిత్రక ఉద్యానంగా చేస్తూ చట్టం చేశారు. మనకు ఫ్యాక్టరీ మూతబడితే ప్లాట్లు పడతాయి. వాళ్లు గుమ్మటాన్నయినా దాచుకున్నారు.

నడిచివెళ్లేంత దూరంలోనే ఓ చర్చి ఉంది. గుడ్ షెపర్డ్ చర్చి. భర్తనీ, పసితనంలోనే పోయిన బిడ్డలనీ తలుచుకుంటూ ఎలిజబెత్ 1869లో కట్టించింది. దాని దక్షిణ ద్వారాన్ని చూసి నేను ఆగిపోయా. మన గుడి గోపురాల మీద లతలూ హంసలూ చెక్కినట్టు, అక్కడ రాతిలో చెక్కినవి... రివాల్వర్లు! తూటాల గదులు, తుపాకీ భాగాలు. వాటి మధ్య శిలువ. పుట్టిన బిడ్డల్లో ఒక్కడే పెద్దవాడయ్యాడు ఆ తల్లికి. ఆ ఒక్కడూ 1894లో పోయాడు. కడుపుకోత, కలిమి రెండూ ఆ రాతిలో ఉన్నాయి. మా అమ్మాయి చాలాసేపు అక్కడే నిలబడింది. మనవడు మాత్రం ‘‘తాతయ్యా, గాడ్ దగ్గర గన్ ఎందుకు?’’ అనడిగాడు. నాకు జవాబు తట్టలేదు.

మీట ఒకటి... పనులు మూడు

కనెక్టికట్ రాష్ట్ర గ్రంథాలయంలో ఓ మ్యూజియం ఉంది. కోల్ట్ తుపాకుల పెద్ద సేకరణ అక్కడ అద్దాల వెనక ఉంటుంది. టిక్కెట్టు లేదు. అద్దాల ముందు నేను రెండు గంటలున్నా. మావాళ్లు విసిగిపోయి బయట బెంచీ మీద కూర్చున్నారు.

రివాల్వర్ గురించి నాలాంటివాడికి అర్థమైనట్టు చెబుతా. మొదట్లో రివాల్వర్ పేల్చాలంటే ప్రతిసారీ బొటనవేలితో వెనకున్న సుత్తిని లాగి నిలబెట్టాలి. అప్పుడు మీట నొక్కితే పేలుతుంది. ఒక్క పనే కాబట్టి ‘సింగిల్ యాక్షన్’. కౌబాయ్ సినిమాల్లో చూస్తుంటాం. తర్వాత వచ్చింది ‘డబుల్ యాక్షన్’. వేలితో మీటని బలంగా లాగుతుంటే తూటాల గది ఓ గడి తిరుగుతుంది, సుత్తి దానంతటదే వెనక్కి లేస్తుంది, చివరికి జారి కొడుతుంది. వేలికి ఒకటే పని, లోపల మూడు పనులు. 1851లో లండన్‌లో రాబర్ట్ ఆడమ్స్ ఇలాంటి మీటతో రివాల్వర్ చేశాడు. కోల్ట్ కంపెనీ ఆ దారికి 1877లో వచ్చింది. తూటాల గది పక్కకి తెరుచుకునే రకాన్ని 1889లో తెచ్చింది.

ఆ లోపలి భాగాలు చూస్తే నా చేతులు ఊరుకోలేదు. వెంట్రుకవాసి తేడా వచ్చినా గది సరైన చోట ఆగదు. ఇలాంటి పనికోసం ఇక్కడ ఎలీషా రూట్ అనే మేనేజరు ఒకే కొలతతో వేల భాగాలు తయారుచేసే మిషన్లు నిలబెట్టాడు. ప్రాట్, విట్నీ ఇద్దరూ ఈ ఫ్యాక్టరీలో పనిచేసినవాళ్లే. వాళ్ల పేరుతో మొదలైన మిషన్ టూల్ కంపెనీ పేరే తర్వాత విమాన ఇంజన్లకూ వచ్చింది. మార్క్ ట్వైన్ ఇల్లు కూడా ఈ ఊళ్లోనే ఉంది. ఆయన 1889 నాటి నవలలో గతంలోకి జారిపోయే హీరో హార్ట్‌ఫోర్డ్ ఆయుధ కర్మాగారంలో పని నేర్చినవాడే. నేను బాలానగర్‌లో తిప్పిన మిల్లింగ్ మిషన్‌కి ముత్తాతలు ఈ వీధుల్లోనే పుట్టారు. ఆ మాట రాయకుండా ఉండలేను. నమస్కారం పెట్టాలనిపించింది. ఎవరికి పెట్టాలో తోచలేదు, అంతే.

ఇక మొండిముక్కు రివాల్వర్లు. గొట్టం రెండంగుళాలే. కోటు జేబులో పట్టేస్తుంది. 1927లో కోల్ట్ తెచ్చిన ‘డిటెక్టివ్ స్పెషల్’ ఈ రకానికి పెద్దన్న. ఆరు తూటాలు. పేరుకు తగ్గట్టే మఫ్టీ పోలీసుల జేబుల్లో ఉండేది. పాత ఇంగ్లిషు డిటెక్టివ్ సినిమాల్లో టోపీ, పొగ, వాన... వీటితోపాటు కనిపించేది ఇలాంటిదే. 1950లో స్మిత్ అండ్ వెసన్ కంపెనీ ఐదు తూటాలతో ఇంకా చిన్నది తెచ్చింది. ఆ ఏడాదే పోలీసు అధికారుల మహాసభలో చూపించి ‘చీఫ్స్ స్పెషల్’ అని పేరు పెట్టారు. అదే ఏడాది కోల్ట్ తేలిక లోహంతో ‘కోబ్రా’ చేసింది. 1963 నవంబరు 24న డాలస్‌లో, కెనడీ హత్య నిందితుడు ఆస్వాల్డ్‌ని టీవీ కెమెరాల ముందే జాక్ రూబీ కాల్చింది కోబ్రాతోనే. ఆ ఫొటో చూడనివారుండరు. ఆ చేతిలో వస్తువు ఎంత చిన్నదో ఓసారి మళ్లీ చూడండి.

1955లో వచ్చిన ‘పైథాన్’ది ఇంకో తీరు. పెద్దది, బరువైనది, అద్దంలా మెరిసే నీలి పాలిష్. అప్పట్లో 125 డాలర్లు. ప్రతిదాన్నీ మేస్త్రీలు ఆకురాయితో రాసి, చేత్తో కుదిర్చేవారు. ఆ మ్యూజియం అద్దం వెనక దాని నీలం రంగు చూస్తే గుమ్మటం నీలమే గుర్తొచ్చింది నాకు.

పోయిన మాల్ మళ్లీ వచ్చింది

1980ల నుంచి పోలీసులు ఎక్కువ తూటాలు పట్టే ఆటోమేటిక్ పిస్తోళ్లకి మారిపోయారు. న్యూయార్క్ పోలీసులు 1993లో మొదలుపెట్టారు. పాత అలవాటు వదలని కొద్దిమంది సీనియర్లు కూడా 2018లో రివాల్వర్లు వదిలేయాల్సి వచ్చింది.

ఇదే సమయంలో ఫ్యాక్టరీలోనూ దెబ్బ. 1986లో కోల్ట్ కార్మికులు సమ్మెకి దిగారు. నాలుగేళ్లకు పైగా నడిచింది. 1990లో యూనియన్, రాష్ట్ర పింఛను నిధి కూడా వాటాదారులుగా కొత్త యాజమాన్యం వచ్చాక గానీ ముగియలేదు. సమ్మె అంటే ఏమిటో నాకు తెలుసు. నాలుగేళ్లు జీతం లేకుండా గేటు ముందు నిలబడటం ఊహించుకుంటేనే కడుపులో దేవినట్టయింది. 1992లో ఓసారి, 2015లో ఇంకోసారి కంపెనీ దివాలా రక్షణ కోరింది. 1990ల మధ్యకి డిటెక్టివ్ స్పెషల్ ఆగిపోయింది. 1999తో పైథాన్ మామూలు ఉత్పత్తి కూడా. చేత్తో కుదిర్చే మేస్త్రీలు ఒక్కొక్కరే వెళ్లిపోయారు.

ఆగిపోయాక మోజు మొదలైంది. ఉన్న పైథాన్ల ధరలు పైకెళ్లాయి. 2010లో మొదలైన ‘ద వాకింగ్ డెడ్’ టీవీ సీరియల్లో హీరో చేతిలో ఉన్నది పైథానే. పుట్టేనాటికే ఆగిపోయిన వస్తువుని పిల్లకాయలు కూడా అడగడం మొదలుపెట్టారు. 2009లో రూగర్, 2016లో కింబర్ కంపెనీలు కొత్త చిన్న రివాల్వర్లు తెచ్చాయి. చివరికి 2017లో కోల్ట్ మళ్లీ రంగంలోకి దిగింది, కోబ్రా పేరుతోనే. రెండంగుళాల గొట్టం, ఆరు తూటాలు, స్టెయిన్‌లెస్ స్టీలు, 699 డాలర్లు. 2019లో కింగ్ కోబ్రా, 2020 జనవరిలో పైథాన్. వచ్చినప్పుడు దీని ధర 1,499 డాలర్లు. కంప్యూటర్‌తో నడిచే మిషన్ల మీద భాగాలు తీసి, ఆకురాయి పని తగ్గించారు. ఇప్పుడు కోల్ట్ ఫ్యాక్టరీ పక్కనే వెస్ట్ హార్ట్‌ఫోర్డ్‌లో ఉంది. 2021లో చెక్ దేశపు కంపెనీ దాన్ని కొనుక్కుంది.

ఇంకోరోజు అరగంట దూరంలోని స్ప్రింగ్‌ఫీల్డ్ కూడా చూశాం. స్మిత్ అండ్ వెసన్ ఊరది. 2023లో ఆ కంపెనీ ప్రధాన కార్యాలయం టెనెసీ రాష్ట్రానికి తరలిపోయింది. రివాల్వర్ల పని మాత్రం స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉంచారు.

కౌంటరు దగ్గర

చివరికి తుపాకుల కొట్టుకి కూడా వెళ్లాం. ఇక్కడి వస్త్రాల షోరూం కన్నా శుభ్రంగా ఉంది. కౌంటరులో అరవై దాటినాయన. మాలో ఎవరికీ పర్మిట్ లేదని తెలియగానే ‘‘మా దగ్గర పర్మిట్ లేనివాళ్ల చేతికివ్వం, నేనే చూపిస్తా’’ అన్నాడు. ఆ మాటతో ఆయన మీద గౌరవం కలిగింది. కనెక్టికట్‌లో కొనాలంటే శిక్షణ తీసుకోవాలి, వేలిముద్రలివ్వాలి, పోలీసుల పరిశీలన దాటాలి. అన్నిచోట్లా ఇలా లేదు. 2024 నాటికి 29 రాష్ట్రాల్లో పర్మిట్ లేకుండానే జేబులో తుపాకీ పెట్టుకు తిరగొచ్చు.

ఆయన కోబ్రా తీసి, తూటాలు లేవని రెండుసార్లు చూపించి, గోడకేసి పెట్టి మీట లాగాడు. గది తిరిగిన చప్పుడు... టిక్! ఆ చప్పుడులో వంక పెట్టడానికేం లేదు. మా షాపులో ఎవరైనా అలా కుదిరిస్తే వీపు తట్టేవాణ్ణి.

‘‘ఎందుకు మళ్లీ ఇవి కొంటున్నారు?’’ అని అల్లుడితో అడిగించా. ఆయన చెప్పినవి ఇవి. జేబులో పడుతుంది. ఇరుక్కుపోదు. తూటా పేలకపోతే మళ్లీ మీట లాగడమే. ఉన్నాయో లేదో తెరిచి చూస్తే తెలుస్తుంది. కొందరు తండ్రి దగ్గర చూసింది కావాలంటారు. వయసు మళ్లినవాళ్లు, ఆడవాళ్లు ఎక్కువగా అడుగుతారు.

‘‘సేఫ్టీ మీట ఎక్కడ?’’ అన్నా నేను.

ఆయన నవ్వాడు. ‘‘ఈ రకానికి ఉండదు. మీట బరువే సేఫ్టీ.’’

నాలుగైదు కిలోల బలంతో లాగితేగానీ కదలదు, నిజమే. కానీ రెండు చేతుల వేళ్లూ కలిపి లాగితే? మా మనవడు కొబ్బరికాయ పీచు అలాగే లాగుతాడు. స్మిత్ అండ్ వెసన్ 2001 నుంచి చిన్న తాళంచెవి రంధ్రం ఒకటి పెడుతోంది. పాత రివాల్వర్ల అభిమానులకి ఆ రంధ్రం చూస్తే ఒళ్లు మంట. 2024లో వచ్చిన కొత్త చిన్న మోడళ్లకి ఆ తాళం లేకపోవడమే ఓ ఆకర్షణగా అమ్ముతున్నారు. నాకిది మింగుడుపడలేదు. అందం చెడుతుందని బావికి గట్టు తీసేసినట్టుంది.

ఆ రాత్రి భోజనాల దగ్గర మాట కదిలింది. అల్లుడి వాదన తీసిపారేసేది కాదు. ‘‘మావయ్యగారూ, పోలీసులొచ్చేదాకా ఏం చేయాలి? 2017లో కాన్సాస్‌లో మన హైదరాబాద్ ఇంజినీర్ని బార్‌లో కాల్చేశారు. ఆ రోజు నుంచి ఈవిడ ఎన్ని రాత్రులు నిద్రపోలేదో మీకు తెలీదు.’’ అమ్మాయి తల వంచుకుంది. నిజమేనన్నమాట.

కాసేపటికి తనే అంది, ‘‘గంట దూరంలోనే న్యూటౌన్. వీడి వయసు పిల్లలే.’’ 2012 డిసెంబరు 14న అక్కడి శాండీహుక్ స్కూల్లో ఇరవై మంది పిల్లలు, ఆరుగురు పెద్దలు చనిపోయారు. ఆ తుపాకీ ఆ కుర్రాడి తల్లి కొన్నది. చట్టప్రకారమే కొన్నది. మొదట ఆమెనే ఇంట్లో చంపి వెళ్లాడు.

అల్లుడు అంకెలు చూసే మనిషి. ఇన్సూరెన్సు కదా. నేను మ్యూజియంలో కూర్చున్నప్పుడు మనవడి టాబ్లెట్‌లో చూసి రాసుకున్న కాగితం ఇచ్చా. అమెరికాలో 2021లో తుపాకీతో పోయినవాళ్లు 48,830 మంది. అందులో 26,328 మంది తమని తామే కాల్చుకున్నవాళ్లు. సగానికి పైగా! దొంగా కాదు, దుండగుడూ కాదు. మనసు చెడిన ఓ రాత్రి, చేతికందిన వస్తువు. ఇదే రాష్ట్రంలోని గిల్‌ఫర్డ్‌లో 2018లో పదిహేనేళ్ల కుర్రాడు స్నేహితుడి ఇంట్లో తుపాకీ పేలి పోయాడు. తర్వాతి ఏడాది అతని పేరుతోనే ‘ఈథన్ చట్టం’ వచ్చింది. మైనరు చేతికందే వీలుంటే, తూటాలున్నా లేకపోయినా తుపాకీకి తాళం వేయాల్సిందేనని అప్పుడా చట్టం చెప్పింది.

‘‘తాళం వేస్తా’’ అన్నాడు అల్లుడు.

‘‘తాళం వేసి, తూటాలు వేరే బీరువాలో పెట్టి... రాత్రి రెండింటికి తలుపు చప్పుడైతే ఎంతసేపు పడుతుంది బాబూ?’’ అన్నా.

ఆయన కాసేపు ఆలోచించాడు. ‘‘నిమిషం... నిమిషంన్నర.’’ ఇంకేం మాట్లాడలేదు. మజ్జిగ పోసుకున్నాడు.

నేను గెలిచానని కాదు. నా మాటలోనూ ఓ మెలిక ఉందని నాకు తెలుసు. తాళం లేకుండా తలగడ కింద పెట్టుకుంటే నిమిషం పట్టదు. కౌంటరు వెనకాయన అదే చెబుతాడు. పెట్రోలు బంకు స్నేహితుడిని మర్నాడు కలిస్తే, ఆయన తన రివాల్వర్ని గల్లాపెట్టె కిందే ఉంచుకుంటున్నానన్నాడు. చూపిస్తానన్నాడు. వద్దన్నా. ఆయన కళ్లకింద నల్లటి చారలు చూశాక ‘ఎందుకు కొన్నావయ్యా’ అని అడగడానికి నోరు రాలేదు.

మేం బయల్దేరే రోజుకి శిక్షణ క్లాసు దరఖాస్తు ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది. పేరు, చిరునామా నింపి ఉన్నాయి. సంతకం లేదు. ముందు తలుపుకి మాత్రం కొత్త లైటు, కెమెరా వచ్చాయి. అవి బిగించడంలో నేనూ ఓ చెయ్యి వేశా. గోడకి రంధ్రం కొంచెం వంకరగా పడింది. ముప్ఫై ఆరేళ్ల సర్వీసు మంటగలిసిందని మా ఆవిడ నవ్వింది.

ఎయిర్‌పోర్టుకి వెళ్తుంటే మళ్లీ గుమ్మటం కనిపించింది. సాయంత్రపు ఎండకి నక్షత్రాలు మెరుస్తున్నాయి. ‘‘తాతయ్యా, ఉల్లిపాయ ఫ్యాక్టరీ!’’ అని అరిచాడు మనవడు. వాడి మాట ఎవరూ సరిదిద్దలేదు.